తాడు వదిలిన చెయ్యి

మూడోసారి కూడా డిస్కు వెనక్కొచ్చింది,
ఊదారంగు ఉన్ని చేతితొడుగులో దూర్చి,
అచావ్ నుంచి పడవ మీద, వానకి తడవకుండా.

మొదటిదాన్ని ఆవిడ ప్లేయరు నోట్లో పెట్టగానే ఉమ్మేసింది.
రెండోది ఎద్దుల అదిలింపులు వినిపించి బొమ్మ దాచుకుంది.
మూడోదాంట్లో సరిగ్గా ఏడో నిమిషానికి
మొహాలన్నీ గళ్ళ దుప్పటి.
"నీకు చేతకాకపోతే చెప్పెయ్, బౌతిస్తా"
అని ఎదెల్మీరా కార్కమో గారి చీటీ.

తప్పు ఆ పెట్టెది కాదు.
పుంతా అరేనాస్‌లో చవగ్గా కొన్న, పేరులేని పెట్టె,
దాని తలలో ఉన్నది చిటికెడు చిప్పు.
నేనేమో ఫైలుని బిగించి, మడిచి, తెలివంతా చూపించి కుదించాను,
నా కంప్యూటరు చదివితే లోకమంతా చదివినట్టేనని.

వీడియోలో ఉన్నదేమిటంటే,
మా చిలోయే దీవిలో ఒక ఇల్లు నడిచింది.
నిజంగానే. చెక్క పెంకులతో, కిటికీ తెరలతో సహా.
దుంగల మీదికెక్కించి, పన్నెండు జతల ఎద్దుల్ని పూన్చి,
కొండ మీంచి సముద్రపు పాయ దాకా
ఊరు ఊరంతా తాళ్ళు పట్టి లాగింది.

ఎన్‌కోడరు పిసినారి గుమాస్తా.
కదిలినదాన్నే రాసుకుంటుంది,
కదలనిదానికి "పైన చెప్పినట్టే" అని గీత కొడుతుంది.
ఇక్కడ ఇల్లు కదులుతోంది,
ఎద్దులు బురదలో దిగబడి ఆగిపోయాయి.
పద్దులన్నీ తారుమారు.

రాత్రి పొయ్యిలో కట్టెలు ఎగదోసి కూర్చున్నాను.
పావు పిక్సెల్ లెక్క తీసేశాను.
అర అంటే అర్థమవుతుంది ఆ పెట్టెకి, పావంటే తికమక.
తెరంతటికీ కలిపి ఒకే కదలిక కట్టే లెక్కా తీసేశాను.
రాబోయే ఫ్రేముని చూసి ఇప్పటిదాన్ని ఊహించే ఫ్రేములు
వరసకి మూడుండేవి, ఒక్కటి చేశాను.
ముందుచూపు అందరికీ అచ్చిరాదు.
బిట్‌రేటుకి పైకట్టు వేశాను,
గొంతుకి అడ్డంపడే ముద్ద పెట్టకూడదు కదా.
ఫైలు నొసట నాలుగక్షరాల పేరొకటుంటుంది.
దాన్ని మార్చి, ఆ పెట్టె ఎరిగిన చుట్టం పేరు రాశాను.
లోపలున్నది ఎవరో అనవసరం,
గడప దాటించేది ఆ పేరే.

ఇంతకీ ఆవిడకి కావలసింది ఇల్లు కాదు.
ఏడో నిమిషంలో తాడొకటి జారింది,
ఇల్లు పక్కకి ఒరిగింది, పొయ్యి గొట్టం విరిగింది.
వదిలింది మన్సీయాల పిల్లాడేనని
ఆర్నెల్లుగా ఆవిడ అనని రోజు లేదు.
మన్సీయాలు మాటలు మానేశారు, పాలు పొయ్యడం కూడా.
అందుకే ఆ ఒక్క నిమిషానికి
బిట్లు చేటలతో కుమ్మరించాను,
వెనక్కి తిప్పి ఎక్కడంటే అక్కడ ఆపుకునేట్టు
కీఫ్రేములు దగ్గరదగ్గరగా నాటాను.
నాలుగింతల వేగంతోనే రాశాను.
దుంపైనా డిస్కైనా నిదానంగా కాలితేనే రుచి.

శనివారం నేనే పట్టుకెళ్ళాను.
మన్సీయాలు అప్పటికే వచ్చి కూర్చున్నారు,
తడి బూట్లు విప్పకుండా, మధ్యలో పిల్లాడు.
పెట్టె డిస్కుని మింగి కాసేపు గుర్రుమంది.
బొమ్మ వచ్చింది.
ఎద్దుల ముక్కుల్లోంచి ఆవిరి కూడా వచ్చింది.
ఏడో నిమిషం.
ఆవిడ రిమోట్ నొక్కింది. ఫ్రేము నిలబడింది, వణక్కుండా.

తాడు మీంచి లేచిన చెయ్యి,
గాలికి పోతున్న టోపీని పట్టుకోబోతూ.
ఆ చేతికి ఊదారంగు ఉన్ని తొడుగు.

దాని జత నా కోటు జేబులో ఉంది,
తిరిగిచ్చేద్దామని తెచ్చాను.
ఇవ్వలేదు.

కెటిల్ ఒక్కటే మాట్లాడింది చాలాసేపు.
ఆవిడ లేచి, రొట్టెలో పెద్ద ముక్క కోసి
పిల్లాడి ముందు పెట్టి,
నా వైపు చూడకుండానే అడిగింది:
"బౌతిస్తా, ఆ మూడో డిస్కు పారేశావా?
దాంట్లోనే బాగుందయ్యా, బొమ్మ."